కొత్తాయన

మంగళవారం మధ్యాహ్నం క్యాన్సరు డాక్టర్లు తింటూ కేసులు మాట్లాడుకునే మీటింగుకు ముందు కొత్తాయనకి కేకు కోశారు. నూరు కేసులు పూర్తి చేశాడట. తెల్ల కేకు మీద నీలం క్రీముతో వంద అంకె, పక్కనే కళ్ళజోడు పెట్టుకున్న కంప్యూటరు బొమ్మ. కోసింది సర్జన్ గోర్డన్ పెన్నర్. మెడ ఆపరేషన్లలో చెయ్యి తిరిగినవాడు కాబట్టి పన్నెండు ముక్కలూ తూచినట్టు ఒకే సైజులో వచ్చాయి.

ఒరీసియా హావ్రిలుక్ కూడా ఒక ముక్క తీసుకుంది. తీసుకోకపోతే బాగుండదు. ఆ ఆస్పత్రిలో ఆమె మెడ స్కానులు చదవడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళు. ఇరవై ఏళ్ళు నిండిన రోజున ఆమెకి ఒక కాఫీ కప్పు ఇచ్చారు. దాని మీద ఆమె ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. ఆ కప్పుని ఆమె ఇప్పటికీ పెన్నులు పెట్టుకోవడానికి వాడుతోంది, తప్పు అక్షరం గోడవైపుకి తిప్పి.

కొత్తాయన మనిషి కాదు. గొంతు క్యాన్సరు వచ్చినవాళ్ళ స్కాను చూసి, మెడలో వాచిన గ్రంథి పొర దాటి క్యాన్సరు బయటికి పాకిందో లేదో నూటికి ఇంత అని చెప్పే ప్రోగ్రాము. అక్టోబరులో వచ్చింది. కంపెనీ పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగక, ఒకరోజు ఎవరో ‘ఆ కొత్తాయన ఏమంటున్నాడు?’ అని అడిగారు. ఆ పేరే నిలిచిపోయింది.

పొర దాటలేదంటే ఆపరేషన్‌తో సరి. దాటిందంటే స్టేజి మారుతుంది. కత్తి పక్కన పెట్టి ఏడు వారాలు రేడియేషను, దానితోపాటు కీమో ఇస్తారు. దాటిన సంగతి తెలియక కోశారో, ఆపరేషనూ రేడియేషనూ కీమో మూడూ ఒకే గొంతు మీద పడతాయి. ఆ తర్వాత మనిషి రొట్టెముక్క మింగాలన్నా నీళ్ళు తాగుతూ మింగాలి. అందుకే ఆ ఒక్క మాట దగ్గర అందరూ ఆగుతారు.

ఇరవై రెండేళ్ళుగా ఆ మాట చెప్పింది ఒరీసియా. కేసు రాగానే గోర్డన్ పెన్నుతో బల్ల మీద రెండుసార్లు కొట్టి, కుర్చీ ఆమెవైపు తిప్పి, ‘ఒరీసియా, పొర దాటిందా?’ అని అడిగేవాడు. గదిలో పన్నెండు మందీ నమలడం ఆపేవారు. ఆమె వెంటనే చెప్పేది కాదు. ఒకటి, రెండు, మూడు అని మనసులో లెక్కపెట్టుకుని అప్పుడు నోరు తెరిచేది. వారమంతా ఆ మూడు క్షణాల కోసమే చూసేదంటే అబద్ధం కాదు.

ఇప్పుడూ గోర్డన్ పెన్నుతో రెండుసార్లే కొడుతున్నాడు. కుర్చీ మాత్రం అటువైపు తిరుగుతోంది.

“జాసెలిన్, కొత్తాయన ఏమంటున్నాడు?”

జాసెలిన్ మనాలో ఒరీసియా పక్క గదిలో కూర్చునే రెండో రేడియాలజిస్టు. ముప్ఫై నాలుగేళ్ళది. కమిటీల చుట్టూ తిరిగి ఆ ప్రోగ్రాముని తెచ్చింది తనే, దాని ఆలనాపాలనా చూసేదీ తనే. “ఎనభై ఒకటి,” అంది జాసెలిన్. “మనిషి పేరు లైల్ డెజార్లే. యాభై ఏడేళ్ళు. పశువుల సంతలో వేలం వేసేవాడు. టాన్సిల్‌లో చిన్న క్యాన్సరు, ఎడమ మెడలో ఒక్క గ్రంథి.”

“ఎనభై ఒకటా.” గోర్డన్ కాగితం మీదికి వంగాడు. “ఒరీసియా, నువ్వేమో దాటలేదని రాశావు.”

ఇలా అడుగుతాడని ఆమెకి నిన్ననే తెలుసు, ఎందుకంటే ఆ ఎనభై ఒకటిని ఆమె నిన్ననే చూసింది. ముందు మన చదువు రాసి, ఆ తర్వాతే అంకె తెరవాలని ప్రతి తెర కిందా కాగితం అంటించి ఉంది. క్రిస్మస్ నుంచీ ఒరీసియా ముందు అంకె తెరిచి, తర్వాత స్కాను తెరుస్తోంది. అంకె తన అభిప్రాయంతో కలిస్తే ధీమాగా రాసేది, కలవకపోతే గట్టి కారణాలు వెతికి పెట్టుకునేది. నిన్న ఎనభై ఒకటి చూడగానే ఒళ్ళు మండింది. ఆ తర్వాత స్కాను చూస్తే గ్రంథి వెనక అంచు మసకగా ఉంది. తనంతట తను చూసి ఉంటే ఏమనేదో ఆమెకే తెలియదు. అంకె అవునంది కాబట్టి ఆమె కాదని రాసింది.

“ఆ మసక మామూలుదే,” అంది ఒరీసియా. “స్కాను తీసేటప్పుడు అతను గుటక మింగాడు. మెడ కదిలింది. మిషనుకి కదలిక అర్థం కాదు, మసక కనపడితే చాలు క్యాన్సరంటుంది.”

“కదిలితే ముందు అంచు కూడా మసకబారాలి కదా, డాక్టర్ హావ్రిలుక్?” అంది జాసెలిన్. మర్యాదగానే అంది.

“జాసెలిన్, నేను మెడలు చదవడం మొదలుపెట్టినప్పుడు నీ పళ్ళకి ఇంకా తీగలు ఉండేవి.”

గది గొల్లుమంది. గోర్డన్ కూడా నవ్వాడు. జాసెలిన్ మొహం కందిపోయింది, తల దించుకుని ల్యాప్‌టాప్ మీద ఏదో కొట్టుకుంది. “సరే, పాత కాపుకే నా ఓటు,” అన్నాడు గోర్డన్. “వచ్చే గురువారం ఆపరేషన్ పెట్టండి.”

ఒరీసియా లేచి వెళ్ళి రెండో ముక్క కేకు తెచ్చుకుంది. కళ్ళజోడు బొమ్మ ఉన్న ముక్క ఇంకా ఎవరూ తీసుకోలేదు. అదే తెచ్చుకుని శుభ్రంగా తినేసింది.

బుధవారం పొద్దున బయట సున్నా కింద ఇరవై ఎనిమిది. కారు దిగి, ఇంజను గడ్డకట్టకుండా తీగ ప్లగ్గులో పెట్టి లోపలికి వచ్చేసరికి ఒరీసియా కనురెప్పలకి మంచు పట్టింది. అయినా హుషారుగానే ఉంది. నిన్న గోర్డన్ కుర్చీ తిరగడం రాత్రి భోజనం దగ్గర భర్తకి రెండుసార్లు చెప్పింది. రెండోసారి అతను సూపు గిన్నెలోకి చూస్తూ, “అది మిషనే కదా, ఒరీసియా, దానితో నీకేం పోటీ?” అన్నాడు. మగ సవతిని తెచ్చి నెత్తిన పెడితే ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు అనుకుంది.

ఎక్స్‌రే గదుల దగ్గర ఉన్ని టోపీ పెట్టుకున్న పొడుగాటి మనిషి ఒకాయన చేతిలో కాగితం పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు.

“అమ్మా, రక్తం తీసేది ఎటువైపు? నన్ను మూడుసార్లు తిప్పి మళ్ళీ ఇక్కడికే తోలారు.”

ఆమె చెయ్యి చూపించింది. అతని చూపు ఆమె మెడలో కార్డు మీద పడింది.

“హావ్రిలుక్. మీరేనా ఆవిడ? డాక్టర్ పెన్నర్ నిన్న ఫోనులో చెప్పాడు. మిషను ఒకటి చెప్తే కాదని నిలబడ్డారట.” అతను చేతి తొడుగు తీసి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గరుకు చెయ్యి. “లైల్ డెజార్లే. ఆ మెడ నాదే.”

రేడియాలజిస్టులు రోగులని చూడరు. ఇరవై రెండేళ్ళలో ఒరీసియా కొన్ని వేల మెడలు లోపల్నించి చూసింది, వాటి మీద ఉన్న మొహాలు చూసింది చాలా తక్కువ. అతని ఎడమ దవడ కింద ఉబ్బు పైకే కనపడుతోంది. తెర మీద రెండున్నర సెంటీమీటర్లు. ఇక్కడ చూస్తే కోడిగుడ్డంత ఉంది.

“నొప్పి ఉందా?” అని అడిగింది.

“నొప్పేం లేదు. నా భయమంతా రేడియేషనుతో నోరెండుతుందనే. ముప్ఫై ఒక్కేళ్ళుగా సంతలో వేలం అరుస్తున్నాను. నిమిషానికి ఒక గొడ్డు అమ్ముతాను. ఉమ్మి లేకపోతే నాలుక ఆడదు. నాలుక ఆడకపోతే నా పని ఖతం. రేడియేషను లేదని మీరన్నారు చూడండి, నిన్న మా ఆవిడ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. సంతోషంతోటే.”

ఒరీసియాకి చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించింది. “నిమిషానికి ఒకటా?” అంది మాట మార్చి. “అంత తొందరలో కొనేవాళ్ళకి ఎలా తెలుస్తుంది, మంచి గొడ్డో కాదో?”

“గొడ్డు లోపలికి రాగానే పైన బోర్డు మీద దాని తూకం వెలుగుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు బోర్డు చూస్తారు. పాతవాళ్ళు టోపీ ఇలా కిందికి లాక్కుంటారు.” అతను ఉన్ని టోపీ కనుబొమల దాకా లాక్కుని చూపించాడు. “ముందు గొడ్డు నడక, నడుము, డొక్క చూస్తారు. బోర్డు ఆ తర్వాత. ఒకసారి అంకె చూశామా, ఇక గొడ్డు కనపడదండీ. అంకే నడుచుకుంటూ వస్తుంది.”

అతను నవ్వి, కాగితం ఊపుతూ రక్తం ఇవ్వడానికి వెళ్ళిపోయాడు.

ఒరీసియా తన గదికి వచ్చి దీపం తగ్గించి, లైల్ డెజార్లే స్కాను మళ్ళీ తెరిచింది. అంకె ఉండే మూల మీద పసుపు కాగితం అంటించింది. లాభం లేకపోయింది. ఎనభై ఒకటి ఆ కాగితం కింద కాదు, తన కళ్ళలో ఉంది. వెనక అంచు ఒకసారి పగిలినట్టు, ఇంకోసారి పగలనట్టు కనపడింది. అరగంట పైకీ కిందికీ తిప్పి, ఏదీ తేల్చుకోలేక, మొదటిరోజే తెరవాల్సిన పాత కాగితాలు అప్పుడు తెరిచింది.

జనవరి ఇరవై ఒకటిన, అతని ఊరి చిన్న ఆస్పత్రిలో, పరీక్ష కోసం ఆ గ్రంథిలోకి సూది గుచ్చి ముక్క తీశారు. స్కాను తీసింది జనవరి ఇరవై రెండున.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. సూది పడిన మర్నాడు గ్రంథి చుట్టూ రక్తం చిమ్మి, వాచి ఉంటుంది. అంచు మసకగా కాక ఎలా ఉంటుంది? కొత్తాయనకి సూది సంగతి తెలియదు. ఆయన చూసేది స్కాను ఒక్కటే. ముందు ఆమెకి పట్టరాని సంతోషం వేసింది. దొరికాడు. ఇది అందరి ముందూ పెట్టి, నూరో కేసుకి కేకు కోశారు కదా, నూట ఒకటో దానికి ఏం కోస్తారు అని అడగాలనిపించింది. లేచి తలుపు దాకా వెళ్ళింది కూడా.

తలుపు దగ్గర ఆగిపోయింది. కొత్తాయనకి సూది సంగతి ఎవరూ చెప్పలేదు. తనకి ఒకరు చెప్పాల్సిన పని లేదు, తేదీలు ఎదురుగానే ఉన్నాయి. అవి చూడకుండా గుటక మింగాడని ఒక కథ అల్లింది. ఆ కథ మీద వచ్చే గురువారం ఒక మనిషి మెడ కోయబోతున్నారు.

జాసెలిన్ తన బల్ల దగ్గర ఇంటి నుంచి తెచ్చుకున్న పాన్సిట్ నూడుల్స్ తింటోంది. ఒరీసియాని చూసి డబ్బా మూత పెట్టింది.

“డెజార్లే స్కాను మళ్ళీ తీయించాలి,” అంది ఒరీసియా. “సూది పడిన మర్నాడు తీశారు. దాన్నించి ఎవరం ఏమీ చెప్పలేం.”

జాసెలిన్ తేదీలు తెరిచి చూసింది. “అయితే మీరన్నదే నిజం కావచ్చు. దాటి ఉండకపోవచ్చు.”

“నేనన్నది నిజమూ కాదు, అబద్ధమూ కాదు. అసలు చదివితే కదా. అంకె ముందు చూసి, దానికి ఎదురు రాశాను.”

“ఈ ఒక్కటేనా?”

“క్రిస్మస్ నించీ.”

జాసెలిన్ ఫోర్కుని డబ్బా మూత మీద జాగ్రత్తగా పెట్టింది.

“నేనిక్కడికి వచ్చి నాలుగేళ్ళయింది,” అంది. “ఏ మెడ కేసయినా మీ పాత రిపోర్టులు చూడకుండా నేను రాయలేదు. అయినా ఒక్క మంగళవారం కూడా పెన్నర్ కుర్చీ నావైపు తిరగలేదు. అది మీవైపు తిరిగినప్పుడల్లా నాకెంత కుళ్ళుగా ఉండేదో మీకు తెలియదు. ఆ ప్రోగ్రాము కోసం అన్ని కమిటీల చుట్టూ ఎందుకు తిరిగాననుకున్నారు?”

ఒరీసియాకి కోపం రావాలి. రాలేదు. ఆ కుర్చీ తిరగడం చూస్తూ లోపల ఉడికిపోయేది తనొక్కతే కాదని తెలిసి, ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది.

“శుక్రవారం స్కాను దొరుకుతుందా?” అని అడిగింది.

“దొరికిస్తాను. సోమవారం ఇద్దరం విడివిడిగా చదువుదాం. అంకెకి తాళం వేస్తాను, ఇద్దరం రాసేదాకా తెరుచుకోదు.” జాసెలిన్ డబ్బా మూత తీసి ముందుకి జరిపింది. “తినండి. మా అమ్మ చేసింది.”

సోమవారం ఒరీసియా ముందు కాగితాలన్నీ చదివింది. సూది తేదీ, ఏ వైపు నుంచి గుచ్చారు, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాడా, అన్నీ. అప్పుడు కొత్త స్కాను తెరిచింది.

వాపు తగ్గిపోయింది. మసక పోయింది. గ్రంథి అంచు ముందు వైపు గీత గీసినట్టు ఉంది, పక్కన ఉంది, కింద ఉంది. ఆమె వేలు మౌసు చక్రం మీద నెమ్మదిగా తిరుగుతోంది. వెనక వైపు, మెడ కండరాన్ని ఆనుకున్న చోట, ఆగింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకి. వరసగా మూడు బొమ్మల్లో గ్రంథిలోంచి సన్నని కొస ఒకటి పొర దాటి కండరంలోకి దిగి ఉంది. వెనకటి స్కానులో ఆ చోట వాపు కమ్మేసింది. ఇప్పుడు తేటగా ఉంది. అది రక్తనాళమేమో అని చూసింది. కాదు. కదలికేమో అని చూసింది. పక్క అంచులన్నీ నిలకడగా ఉన్నాయి. వంటింట్లో కూర్చుని ఏడ్చిన ఆ ఇల్లాలు గుర్తుకొచ్చి, ఇంకో పది నిమిషాలు అది కాకపోతే బాగుండునని చూసింది.

‘పొర దాటింది’ అని రాసింది. అప్పటికే జాసెలిన్ కూడా రాసేసినట్టుంది, అంకె తాళం తెరుచుకుంది.

ఇరవై రెండు.

ఒరీసియా ఆ అంకెని చాలాసేపు చూసింది. మసక పోయేసరికి కొత్తాయన మాట మార్చాడు. పోయిన మంగళవారం ఆమె అన్నదే ఇప్పుడు ఆయనా అంటున్నాడు. రిపోర్టు మీద ఆమె ఇంకా సంతకం పెట్టలేదు. ఒక్క మాట కొట్టేస్తే చాలు. డెజార్లేకి ఆపరేషన్ అవుతుంది, అతను కోరుకున్నదే. నూరు కేసుల కొత్తాయన ఒరీసియా హావ్రిలుక్ ముందు తలవంచాడని ఆస్పత్రంతా చెప్పుకుంటారు. ఆ మాటలు కూడా ఆమెకి వినపడ్డాయి, ఎవరెవరు ఎలా అంటారో సహా. నాలుగు నెలలుగా ఆమె కడుపుమంట కోరింది సరిగ్గా ఇదే, ఇప్పుడు పళ్ళెంలో పెట్టి ఇస్తున్నారు. సంతకం పెట్టకుండానే కోటు వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

మంగళవారం ఆమె గదిలోకి వచ్చేసరికే గోర్డన్ హుషారుగా ఉన్నాడు.

“చూశారా? ఎనభై ఒకటి కాస్తా ఇరవై రెండయింది. కొత్తాయన కాళ్ళబేరానికి వచ్చాడు.” ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. ఎవరో ఆమె భుజం తట్టారు. గోర్డన్ పెన్నుతో బల్ల మీద రెండుసార్లు కొట్టాడు. కుర్చీ పూర్తిగా ఆమెవైపు తిప్పాడు. “నీ నోటితో చెప్పు, ఒరీసియా. పొర దాటిందా?”

అందరూ నమలడం ఆపారు.

ఒకటి. రెండు. మూడు.

“దాటింది,” అంది ఒరీసియా.

గోర్డన్ చెయ్యి పెన్ను మీద అలాగే ఉండిపోయింది. ఆమె మూడు బొమ్మలూ తెర మీద పెట్టి కొస చూపించింది. ఆ తర్వాత మిగిలినది కూడా చెప్పేసింది. “పోయినవారం నేను చదవలేదు, గోర్డన్. అంకె చూసి, దాని మీద కుళ్ళుతో ఎదురు రాశాను. గుటక సంగతి కల్పించాను. జాసెలిన్ అడిగింది సరైన ప్రశ్న. నేను వెక్కిరించి నోరు మూయించాను.”

గోర్డన్‌కి కోపం వచ్చిందని ఎర్రబడిన అతని చెవులు చెప్పాయి. “పోయినవారం ఆ మనిషికి నేను ఒక మాట ఇచ్చాను.”

“తెలుసు. నా వల్లే ఇచ్చావు.”

“ఇవాళ చదివావా?”

“చదివాను.”

అతను జాసెలిన్‌వైపు చూశాడు. “నువ్వు?”

“దాటలేదని రాశాను,” అంది జాసెలిన్. “నాకు ఆ కొస కనపడలేదు. ఇప్పుడు కనపడుతోంది, కానీ చూపించాక కనపడటం లెక్కలోకి రాదు. నేను రాసింది అలాగే ఉండనివ్వండి.”

వాదన ఇరవై నిమిషాలు సాగింది. ఎవరికీ తేలికగా లేదు. చివరికి గోర్డన్ గురువారం ఆపరేషన్ కొట్టేసి, రేడియేషన్ వాళ్ళవైపు కాగితం జరిపాడు. కోస్తే ఆ గ్రంథి సూక్ష్మదర్శిని కిందికి వచ్చేది, ఎవరు ఒప్పో తెలిసేది. ఇప్పుడది అతని మెడలోనే మాడిపోతుంది. తను ఒప్పని ఒరీసియాకి ఎవరూ, ఎప్పటికీ చెప్పబోరు.

“అతనికి చెప్పేటప్పుడు నేనూ వస్తాను,” అంది ఆమె.

గోర్డన్ వింతగా చూశాడు కానీ కాదనలేదు.

చిన్న గదిలో లైల్ డెజార్లే టోపీ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. గోర్డన్ చెప్పడం అయ్యాక అతను దాన్ని చేతుల్లో ఒక చుట్టు తిప్పాడు.

“మిషను ఇప్పుడు బాగానే ఉందంటోంది,” అన్నాడు. “మీరేమో బాలేదంటున్నారు. పోయినవారం దాని మాట మీరన్నారు, మీ మాట అదంది. నాతో ఆటలాడుతున్నారా?”

“పోయినవారం నేను బోర్డు చూశాను,” అంది ఒరీసియా. “గొడ్డుని చూడలేదు. ఆ తప్పు నాది.”

అతను ఆమెని కిందనించి పైదాకా చూశాడు. “చూపించండి.”

ఆమె తెర అతనివైపు తిప్పింది. అతను ముందుకి వంగి, అంకె ఉన్న మూల మీద అరచెయ్యి పెట్టి మూసేశాడు. ఆమె వేలితో కొస చూపించింది. మూడు బొమ్మలూ ఒకదాని తర్వాత ఒకటి. అతను ఊపిరి బిగబట్టి చూశాడు. అతనికి కనపడిందో లేదో ఆమెకి తెలియలేదు.

“మీది తప్పయితే?”

“తప్పని ఎప్పటికీ తెలియదు. మీకూ తెలియదు, నాకూ తెలియదు.”

అతను తెర వదిలేసి ఆమె మొహం చూడటం మొదలుపెట్టాడు.

“ఒకటోసారి,” అన్నాడు లైల్ నెమ్మదిగా.

ఆమె కదల్లేదు.

“రెండోసారి.” అక్కడ ఆగాడు. మాట వెనక్కి తీసుకునేవాళ్ళకి సంతలో ఎంతసేపు ఇస్తాడో అంతసేపూ ఇచ్చాడు. గొంతు బాగుంది, ఆ చిన్న గదికి పెద్దదిగా ఉంది. ఒరీసియా కళ్ళు దించలేదు.

అతను వేలి కణుపుతో బల్ల మీద ఒక్కసారి కొట్టాడు. తర్వాత టోపీ తల మీద పెట్టుకుని, రెండు చెవులూ మూసుకునేలా కిందికి లాక్కున్నాడు.

“అయితే పెద్ద నీళ్ళసీసా ఒకటి కొనుక్కోవాలి,” అన్నాడు.